కొట్టివేతలున్న పుటను కూడా చూపండి

సంక్రాంతి దాటిన తరువాత ఒకసారి మా చిలమత్తూరు మండలంలోని వీరాపురం గ్రామానికి వచ్చి చూడండి. ఊరిలోని చింతచెట్ల మీద పెద్ద పెద్ద తెల్లని పక్షులు పుల్లలు తెచ్చి గూళ్ళు కట్టుకుంటూ కనిపిస్తాయి. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, ఈకలు లేని నారింజరంగు ముఖం, రొమ్ము మీద నల్లని పట్టీ, తోక దగ్గర గులాబిరంగు ఈకలు, ఎర్రని కాళ్ళు. వీటినే ఎర్రకాళ్ళ కొంగలు అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మిక్టీరియా ల్యూకోసెఫాలా. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చేదాకా ఇక్కడే ఉండి, ఆగస్టు నాటికి వెళ్ళిపోతాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలను చూచుకున్నట్లు ఊరివాళ్ళు వాటిని చూచుకుంటారు.

ఈ పక్షులు ఎక్కడి నుంచి వస్తాయని మా ప్రాంతంలో ఎవరినైనా అడగండి. "సైబీరియా నుంచి" అని తడుముకోకుండా చెబుతారు. నేను కూడా చాలా ఏళ్ళు తరగతిలో అట్లాగే చెప్పినాను. అది తప్పని నాకు చెప్పినది పుస్తకం కాదు, ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి.

కొన్నేళ్ళ క్రిందటి మాట ఇది. 'మన ఊరి పక్షులు' అని తరగతి పిల్లలందరికీ ప్రాజెక్టు ఇచ్చినాను. వారం తరువాత వచ్చిన ప్రాజెక్టులు చూస్తే కళ్ళు చెదిరిపోయాయి. నెట్ సెంటరులో తీయించిన రంగుల బొమ్మలు, పైన ప్లాస్టిక్ అట్ట, స్పైరల్ బైండింగు! లోపల మాత్రం అందరిదీ ఒకే వాక్యం: ఈ పక్షులు సైబీరియా నుంచి వేల మైళ్ళు ప్రయాణించి వస్తాయి. ఒకరు చేసిన అచ్చుతప్పు కూడా ఆరుగురి పుస్తకాల్లో అదే చోట ఉన్నది. ఆ కట్టలో ఒకటే ఒక రూళ్ళ నోటుబుక్కు ఉన్నది. దానికి అట్ట లేదు, బొమ్మలు పెన్సిలుతో గీసినవి. తేదీలు వేసి, ఆ రోజు చింతచెట్టు మీద చూచినది నాలుగైదు వరుసల్లో వ్రాసింది ఆ అమ్మాయి. ఒక తేదీ క్రింద 14 గూళ్ళు అని వ్రాసి కొట్టివేసి, 19 అని వ్రాసి అదీ కొట్టివేసి, 17 అని ఉన్నది. ప్రక్కనే ఇట్లా ఉన్నది: "నేను 14 అన్నాను, తమ్ముడు 19 అన్నాడు. ఇద్దరమూ చెట్టు చుట్టూ తిరిగి మళ్ళీ లెక్క పెట్టినాము." ఇంకొక చోట, మధ్యాహ్నం ఎండలో తల్లిపక్షి రెక్కలు విప్పి గొడుగులాగా పట్టుకొని నిలబడితే పిల్లలు దాని నీడలో కూర్చున్నాయని వ్రాసింది. చివరి పుటలో ఒక ప్రశ్న: "సైబీరియాలో చలి తగ్గినాక గూడా ఇవి ఎందుకు పోలేదు?"

నేను ఏం చేసినానో చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. స్పైరల్ బైండింగు వాళ్ళందరికీ మంచి మార్కులు వేసినాను. ఈ అమ్మాయికి తక్కువ వేసి, "కొట్టివేతలు ఎక్కువ" అని ఎర్రసిరాతో వ్రాసినాను. చివరి ప్రశ్న ప్రక్కన "అనవసరం" అని కూడా వ్రాసినాను.

మరునాడు ఆ అమ్మాయి నోటుబుక్కు పట్టుకొని స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. "సార్, తప్పు వ్రాసింటే దిద్దండి. అనవసరం అన్నారే గాని, అవి యాల పోలేదో చెప్పలేదు సార్" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం పుస్తకాలు తిరగేసినాను.

చలికాలంలో ఉత్తరదేశాల నుంచి మన చెరువులకు వచ్చే పక్షులు నిజంగానే ఉన్నాయి. పట్టీతల బాతు అట్లాంటిది. అది మంగోలియా, టిబెట్టు ప్రాంతపు సరస్సుల దగ్గర వేసవిలో గుడ్లు పెట్టి, చలి ముదరక ముందే హిమాలయాలు దాటి మన దేశానికి వస్తుంది. ఎండలు ముదిరేలోగా తిరిగిపోతుంది. ఇక్కడ గూడు కట్టదు. ఎర్రకాళ్ళ కొంగ సంగతి ఇందుకు పూర్తిగా తలక్రిందులు. మన ఎండాకాలంలోనే అది ఇక్కడ పిల్లలను పెంచుతుంది. భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలే దాని నివాసం. సైబీరియా ముఖం అది ఎరుగదు. నీళ్ళు తగ్గి చేపలు దొరికే చెరువులను వెదుక్కుంటూ మన దేశంలోనే చోటు మారుతూ ఉంటుంది. లోతులేని నీటిలో ముక్కును సగం తెరచి ముంచి అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. అందుకే దానికి చూపు కంటే స్పర్శ ముఖ్యం, లోతు కంటే పలుచని నీరు ముఖ్యం.

అంటే ఆ అమ్మాయి ఏ పుస్తకమూ చూడకుండా, తన తేదీల పట్టిక ఒక్కదానితోనే, ఊరంతా నమ్మిన మాటను అనుమానించగలిగింది. ఏప్రిల్ నెల క్రింద తాను వ్రాసుకొన్న వరుసలు, ఊళ్ళో చెప్పుకొనే మాట ఒకదానికొకటి పొసగలేదు. రంగుల ప్రాజెక్టుల్లో ఈ అనుమానానికి చోటే లేదు. ఎందుకంటే వాటిలో ఏప్రిల్ నెలే లేదు.

మార్కులు దిద్దినాను. అంతటితో కథ ముగిసి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి తరువాతి ఏడాది కూడా లెక్కలు వ్రాసింది. పదవ తరగతి ముగించి వెళ్ళిపోయింది. ఆ తరువాత వానలు సరిగా పడని ఒక సంవత్సరం, చెరువులో నీళ్ళు లేక పక్షులు బాగా తగ్గాయని ఊళ్ళో అన్నారు. ఎన్ని తగ్గాయి? చెప్పగలవాళ్ళు లేరు. ఆ అమ్మాయి నోటుబుక్కు ఉంటే అదే చెట్టు మీద గూళ్ళు లెక్కించి పోల్చవచ్చునని కబురు చేసినాను. "పాత పుస్తకాలన్నిటితో బాటు కాగితాలాయనకు వేసేసినాము సార్" అని జవాబు వచ్చింది. రెండేళ్ళ లెక్కలు బహుశా ఏ చెనిక్కాయల పొట్లంగానో మారి ఉంటాయి. మా బడిలో ఇప్పుడు ఎవరైనా 'డిజిటల్ పోర్ట్‌ఫోలియో' అనే మాట ఎత్తితే నాకు ముందు ఆ పొట్లమే గుర్తుకు వస్తుంది.

పోర్ట్‌ఫోలియో ఇటాలియను భాష నుంచి వచ్చిన మాట. ఆకులను, అంటే కాగితాలను, మోసుకుపోయేది అని అర్థం. మన తాతలకు తాటాకుల కట్ట ఉండేది, ఇదీ అట్లాంటిదే. విద్యార్థి తాను చేసిన పనులను వరుసగా ఒకచోట చేర్చుకుంటే పోర్ట్‌ఫోలియో. ఫోనులోనో కంప్యూటరులోనో చేర్చుకుంటే డిజిటల్ పోర్ట్‌ఫోలియో. దానిని నలుగురూ చదివేటట్లు తేదీల వారీగా ఇంటర్నెట్టులో పెడితే బ్లాగు.

బ్లాగు అనే మాట వెనుక ఒక కొయ్యముక్క ఉన్నదంటే నమ్ముతారా? వెనుకటి కాలంలో ఓడ వేగం కొలవడానికి నావికులు ఒక కొయ్యపలకకు త్రాడు కట్టి సముద్రంలోకి విసిరేవారు. కొయ్యను ఇంగ్లీషులో లాగ్ అంటారు. పలక నీటిమీద దాదాపు కదలకుండా నిలిచిపోతుంది, ఓడ ముందుకు పోతుంది, త్రాడు చేతిలోనుంచి జారిపోతూ ఉంటుంది. త్రాటికి 14.4 మీటర్లకు ఒకటి చొప్పున ముడులు వేసి ఉంచేవారు. 28 సెకన్ల ఇసుకగడియారం ఖాళీ అయ్యేలోపల ఎన్ని ముడులు జారితే ఓడ వేగం అన్ని 'నాట్లు'. 14.4ను 28తో భాగించి చూడండి. సెకనుకు 0.514 మీటర్లు, అంటే గంటకు దాదాపు 1.852 కిలోమీటర్లు వస్తుంది. ఈనాటికీ ఓడలకు, విమానాలకు ఒక నాట్ అంటే అదే. ఇట్లా కొలిచిన వేగాన్ని వ్రాసే పుస్తకం లాగ్ బుక్ అయింది. 1997లో ఇంటర్నెట్టులో ఇట్లా వరుసగా వ్రాసుకొనే పుటలకు వెబ్‌లాగ్ అని పేరు వచ్చింది. 1999లో అది కురచై బ్లాగు అయింది.

ఓడ కెప్టెను లాగ్ బుక్కులో వేగం బాగున్న రోజులు మాత్రమే వ్రాసేవాడు కాదు గదా! తుఫాను రోజు, దారి తప్పిన రోజు, అన్నీ వ్రాయాలి. లేకపోతే ఓడ ఎక్కడున్నదో లెక్క తేలదు. నా అభిప్రాయమంతా ఇక్కడే ఉన్నది. పిల్లల పోర్ట్‌ఫోలియోలో 'మంచి మంచి పనులు' మాత్రమే ఎంచి పెట్టాలని తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. తల్లిదండ్రులు చూస్తారు, అధికారులు చూస్తారు, కొట్టివేతలు ఉంటే పరువు తక్కువ అంటారు. నేను ఒప్పుకోను. ఎంచి పెట్టినది పెళ్ళి ఆల్బం అవుతుంది. దానిని చూచి "బాగుంది" అనవచ్చు, అంతకంటే చేయడానికి ఏమీ లేదు. 14 కొట్టివేసి, 19 కొట్టివేసి 17 వ్రాసిన పుటను చూస్తేనే ఒక చెట్టు మీది గూళ్ళను ఎట్లా లెక్కించాలో రెండవ మనిషికి తెలుస్తుంది. ఒక వైపు నిలబడి లెక్కిస్తే కొన్ని కొమ్మల చాటున పోతాయి, తొందరపడితే కొన్ని రెండుసార్లు లెక్కకు వస్తాయి. ఆ రెండు పొరబాట్లూ ఆ ఒక్క వరుసలో ఉన్నాయి.

కంప్యూటర్లు లేని కాలంలోనే తన పుటలను ఇతరులకు చూపి బాగుపడిన కుర్రవాడి కథ ఒకటి ఉన్నది. లండనులో పుస్తకాలకు బైండింగు కట్టే దుకాణంలో పనిచేసే కుర్రవాడు 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నది వ్రాసుకొని, పరికరాల బొమ్మలు గీసుకొని, తానే అందంగా బైండింగు కట్టి ఆ పుస్తకాన్ని డేవీకే పంపినాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో అతనికి సహాయకుడి ఉద్యోగం దొరికింది. ఆ కుర్రవాడే మైకేల్ ఫారడే. తరువాత జీవితమంతా ప్రయోగాల దినచర్య వ్రాసినాడు. పేరాలకు అంకెలు వేసుకుంటూ పోయి 16,041 దాకా వచ్చినాడు. 1831 ఆగస్టు 29న అయస్కాంతత్వం నుంచి విద్యుత్తు పుట్టించిన ప్రయోగం ఆ దినచర్యలో ఉన్నది. ఫలించని ప్రయోగాలు కూడా ఆ దినచర్యలోనే ఉన్నాయి. వాటిని ఆయన చింపి పారవేయలేదు. (బైండింగు మీద నాకు కోపం లేదని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఫారడే కట్టినదీ బైండింగే, కాని లోపలి చేతివ్రాత ఆయనదే.)

ఇక భాష సంగతి. దీనిలో కూడా నా తప్పు ఒకటి ఉన్నది. మా వైపు మల్బరీ తోటలు, పట్టుపురుగులు ఎక్కువ. ఒక అబ్బాయి తన ఇంట్లో పురుగులను గమనించి, "రెండో జ్వరానికి పోయినాయి, ఆకు ముట్టలేదు, తల ఎత్తి కదలకుండా ఉన్నాయి" అని గంటల లెక్కతో సహా వ్రాసినాడు. నేను జ్వరం అనే మాటను కొట్టివేసి "కుబుసం విడుచుట" అని దిద్దినాను. వాడు బుద్ధిగా ఫెయిర్ కాపీ వ్రాసుకొచ్చినాడు. ఆ ఫెయిర్ కాపీలో తల ఎత్తిన సంగతి పోయింది, గంటల లెక్క పోయింది, పాఠ్యపుస్తకంలోని వాక్యం మిగిలింది. పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయని, జ్వరం లేచినాక ఆకు వేయాలని, ముదిరిన పురుగును చంద్రికల మీదికి ఎక్కించాలని రైతులందరికీ తెలుసు. ఆ జ్వరమూ శాస్త్రంలోని కుబుసమూ ఒకటేనని ప్రక్కన ఒక మాట వ్రాస్తే సరిపోయేది. కాబట్టి మీ పుటల్లో మీ ఇంటి మాటే వ్రాయండి. పుస్తకం మాట తెలిస్తే దాని సరసన చేర్చండి.

తెలుగులోనే వ్రాస్తే ఎవరు చదువుతారని కొందరు సందేహిస్తారు. ఒకప్పుడు ఈ సందేహానికి అర్థం ఉండేది. ఒక కంప్యూటరులో కొట్టిన తెలుగు ఇంకొక కంప్యూటరులో పిచ్చిగీతలుగా కనిపించేది, ఎందుకంటే ఒక్కొక్క ఫాంటు అక్షరాలకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చుకొనేది. యూనికోడ్ అనే ఉమ్మడి పట్టిక 1991లో వెలువడింది. దానిలో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. ఆ పట్టిక వాడుకలోకి వచ్చినాక 'అ' అంటే చిలమత్తూరులోనైనా చికాగోలోనైనా ఒకటే సంఖ్య. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది ఈ సదుపాయం మీదనే. ఇప్పుడు ఫోనులో తెలుగు కీబోర్డు చేతికి అందేంత దూరంలో ఉన్నది.

అయితే మొదటి వ్రాత కాగితం మీదనే ఉండాలని నా పట్టుదల. ఎండలో చెట్టు క్రింద నిలబడి వ్రాసుకోవడానికి పెన్సిలు, నోటుబుక్కును మించినవి లేవు. ఛార్జింగు అయిపోదు, మధ్యలో ఆటలు పిలవవు. ఇంటికి వచ్చినాక వెలుతురులో ఆ పుటకు ఫొటో తీయండి. ఫొటోకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం ముందు, నెల తరువాత, తేదీ చివర వేయండి: 2025-04-06 అని. కంప్యూటరు అంకెలను ఎడమవైపు నుంచి పోల్చి వరుస పెడుతుంది. తేదీని ముందు వేస్తే ఏప్రిల్ 6, జూన్ 6 ప్రక్కప్రక్కన చేరి వరుస చెడుతుంది. ఫొటో క్రింద రెండు వరుసలు తెలుగులో టైపు చేయండి, ఎందుకంటే చేతివ్రాత ఫొటోలోని మాటలు వెదికితే సులువుగా దొరకవు. ఒక నకలు బడి కంప్యూటరులో కూడా ఉంచండి. ఫోను పోయినా కట్ట పోదు.

అందరి ఇంటా ఫోను లేదు గదా అంటారా? నిజమే. మా తరగతిలో కూడా చాలామందికి ఫోను సాయంత్రం నాన్న పొలం నుంచి వచ్చినాకనే దొరుకుతుంది. వారానికి ఒక పుట చాలు. ఫోను లేనివాళ్ళ నోటుబుక్కులకు నేనే శనివారం ఫొటోలు తీస్తాను. పది నిమిషాల పని. దీనికి పెద్ద పథకం అవసరమని నాకు తోచదు.

జాగ్రత్త పడవలసిన సంగతి మాత్రం ఒకటి ఉన్నది. ఇంటర్నెట్టులో పెట్టినది ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. మీ పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, మీ ముఖం ఫొటో పెట్టకండి. తరగతి, పేరులోని మొదటి అక్షరం చాలు. ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన స్థలం వివరాలు కూడా దాగి ఉండవచ్చు. సెట్టింగుల్లో దానిని ఆపివేయమని పెద్దలను అడగండి. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. అందుచేత బ్లాగు బడి పేరుతో, ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఉండడం మేలు. పక్షులకు కూడా జాగ్రత్త అవసరం. మంచి ఫొటో కోసం గూటి దగ్గరికి చెట్టు ఎక్కితే తల్లిపక్షి లేచిపోతుంది, ఎండలో పిల్లల మీద నీడ పోతుంది.

చప్పట్ల గుర్తుల కోసం, 'లైకు'ల కోసం వ్రాయడం మొదలవుతుందని నా మిత్రుడైన ఒక లెక్కల మాస్టారు భయపడతాడు. ఆ భయం నాకూ లేకపోలేదు. దానికి మా తరగతిలో ఒక నియమం పెట్టుకున్నాము. తోటివారి పుట చదివినవారు "సూపర్" అని వ్రాయరాదు, ఒక ప్రశ్న వ్రాయాలి. మొదటి వారం వచ్చిన ప్రశ్నలు "పెన్ను ఎక్కడ కొన్నావు" వంటివే. నాలుగవ వారానికి "పోయిన ఆదివారం నువ్వు లెక్కించినది ఇదే చెట్టేనా? గుర్తు ఏమి పెట్టుకున్నావు?" అని వచ్చింది. ఆ తరువాత చెట్లకు సున్నంతో అంకెలు వేసుకున్నారు. అది నాకు తోచని ఉపాయం.

మా పిల్లలకు ఇప్పుడు ఒక చిక్కు ఎదురైంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో తేలినీలాపురం అనే ఊరు ఉన్నది. అక్కడికి కూడా ఎర్రకాళ్ళ కొంగలు గూడబాతులతో కలిసి వచ్చి గూళ్ళు కడతాయి. అక్కడ కూడా వాటిని సైబీరియా పక్షులనే పిలుస్తారు! అయితే అవి అక్కడికి సెప్టెంబరు ప్రాంతంలోనే చేరి, మార్చి నాటికి పిల్లలతో వెళ్ళిపోతాయి. మా వీరాపురంలో జనవరి నుంచి ఆగస్టు. పక్షి ఒకటే, రాష్ట్రం ఒకటే, కాలం ఎందుకు మారింది? వానలు వచ్చే నెలలలో తేడా వల్లనా? చెరువులు పలుచబడి చేపలు చిక్కే సమయం వేరైనందువల్లనా? గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ, కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులోనూ ఇవే పక్షులు గూళ్ళు కడతాయి. అక్కడ మొదటి పుల్ల ఏ వారంలో పడుతుంది?

వీరాపురం చెట్ల క్రింద నిలబడి ఎంత చూచినా దీనికి జవాబు దొరకదు. ఆ ఊళ్ళలో చదువుకునే మీలో ఎవరైనా ఆదివారం ఉదయం ఒక చెట్టును ఎంచుకొని, గూళ్ళు లెక్కించి, చెరువు నీరు ఏ మెట్టు దాకా ఉన్నదో వ్రాసి, ఆ పుటను అందరూ చూచేటట్లు పెట్టండి. మా పుటలు కూడా పెడతాము. లెక్క తప్పితే కొట్టివేసి ప్రక్కన వ్రాయండి, రబ్బరుతో చెరపవద్దు. ఎర్రసిరా సీసా నేను ఈ పనికి తీయనని మా పిల్లలకు ముందే మాట ఇచ్చినాను.